రిపోర్ట్ నొక్కాక ఆ పోస్టు ఎవరి ముందుకు వెళ్తుంది?

పోయిన నెలలో మా కాలనీ ఆన్‌లైన్ గ్రూపులో ఒక పోస్టు రాత్రికి రాత్రి రచ్చకెక్కింది. ఇల్లు ఖాళీ చేసి రెండు నెలలు దాటినా యజమాని అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదని ఒక అద్దెదారు మండిపడుతూ రాశారు. రాసి ఊరుకోలేదు. యజమాని ఫొటో, ఆయన ఫోను నంబరు, ఇంటి నంబరు కనిపించేలా గేటు దగ్గర తీసిన మరో ఫొటో జతచేసి, 'ఈ మోసగాడి ఇంట్లో ఎవరూ దిగకండి' అని ముగించారు. హైదరాబాద్‌లో అద్దెకుండేవారికి ఈ బాధ కొత్తది కాదు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ ఖర్చు పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం చాలా చోట్ల అలవాటుగా మారిపోయింది. అందుకే గంట తిరిగేసరికి వ్యాఖ్యలు వరదలా వచ్చిపడ్డాయి. మోడరేటర్లమైన మా ముగ్గురి ముందుకు పదకొండు రిపోర్టులు కూడా వచ్చాయి.

తెల్లవారేసరికి రెండు వైపుల నుంచీ నిలదీత మొదలైంది. రిపోర్ట్ చేసినవారు 'రాత్రే చెప్పాను కదా, ఇంకా ఎందుకు తీసేయలేదు?' అన్నారు. అద్దెదారు 'నా మీద ఎవరు ఫిర్యాదు చేశారో పేర్లు బయటపెట్టండి' అన్నారు. నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఈ రెండు మాటలూ వినని నెల లేదు. రెండింటిలోనూ న్యాయముంది. కానీ రిపోర్ట్ అనేది ఎలా పనిచేస్తుందో తెలియకపోవడం వల్ల రెండు వైపులా అనవసరమైన కోపం పెరుగుతోంది.

రిపోర్ట్ ఓటు కాదు

ముందు మాటల అర్థాలు తేల్చుకుందాం. గ్రూపును నడిపేవారు అడ్మిన్లు. నియమాలు అమలయ్యేలా రోజువారీగా చూసేవారు మోడరేటర్లు. చిన్న గ్రూపుల్లో రెండు పనులూ ఒకరే చేస్తారు. నియమాలు కూడా రెండు రకాలు. గ్రూపు తనకు తాను పెట్టుకున్నవి కొన్ని: మా దగ్గరైతే రాజకీయాలు వద్దు, ప్రకటనలు ఆదివారమే, ఇతరుల ఫోను నంబర్లు పెట్టకూడదు వంటివి. ఆ గ్రూపుకు చోటిచ్చిన సంస్థ, అంటే ఫేస్‌బుక్ లాంటి వేదిక, అందరికీ కలిపి పెట్టినవి కొన్ని.

పోస్టు పక్కన ఉండే మూడు చుక్కలు నొక్కి సభ్యుడు రిపోర్ట్ చేస్తే ఒక చిన్న చీటీ తయారవుతుంది. అందులో ఏ పోస్టు, ఏ నియమం దాటింది, ఎప్పుడు చెప్పారు అనే వివరాలుంటాయి. ఆ చీటీ మోడరేటర్ల ముందున్న వరుసలో చేరుతుంది. అంతకు మించి ఏమీ కాదు. పోస్టు వెంటనే మాయం కాదు, రాసినవారికి శిక్షా పడదు. 'ఇది ఒకసారి చూడండి' అని వేలు చూపించడమే రిపోర్ట్.

ఎక్కువ మంది చూపిస్తే ఎక్కువ బలమా? ఒక పోస్టును ఎన్నిసార్లు రిపోర్ట్ చేశారన్న దాన్ని బట్టి దాన్ని తీసేయడం జరగదని ఫేస్‌బుక్ తన సహాయ పేజీల్లో చెబుతుంది. నియమం దాటిందా లేదా అన్నదే లెక్క. అయితే అన్ని చోట్లా ఇలాగే ఉండదు. చర్చా వేదికలు నడపడానికి చాలామంది వాడే డిస్కోర్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో రిపోర్టుల బరువు ఒక హద్దు దాటితే, మోడరేటర్ చూసేలోపే పోస్టు తాత్కాలికంగా కనుమరుగవుతుంది. అక్కడ కూడా లెక్కించేది తలలను మాత్రమే కాదు. గతంలో ఒక సభ్యుడు చేసిన రిపోర్టులతో మోడరేటర్లు ఎక్కువసార్లు ఏకీభవించి ఉంటే అతని మాటకు బరువు పెరుగుతుంది, ఊరికే నొక్కేవారి మాటకు తగ్గుతుంది. ఊళ్లో పెద్దమనిషి సాక్ష్యానికీ, రోజూ తగువులు పెట్టే మనిషి సాక్ష్యానికీ తేడా ఉన్నట్టే.

ఒకే మీట, రెండు తలుపులు

అయోమయంలో సగం ఇక్కడి నుంచే పుడుతుంది. ఫేస్‌బుక్ గ్రూపులో ఒక పోస్టును గ్రూపు అడ్మిన్లకు రిపోర్ట్ చేయవచ్చు, లేదా ఫేస్‌బుక్ సంస్థకే రిపోర్ట్ చేయవచ్చు. మొదటిది పక్క వీధిలో ఉండే మనిషి ఫోనులోకి వస్తుంది. రెండోది కాలనీ మొహం చూడని వ్యవస్థకు వెళ్తుంది. అడ్మిన్లకు చేసిన రిపోర్ట్ సంస్థకు తెలుస్తుందని, సంస్థకు చేసినది మాకు కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. 'ఆదివారం కాని రోజు టిఫిన్ సెంటర్ ప్రకటన పెట్టారు' అని సంస్థకు రిపోర్ట్ చేస్తే ఏమీ జరగదు, అది వారి నియమం కాదు కనుక. రెడ్డిట్ అనే చర్చా వేదికలో ఈ విభజన ఇంకొంచెం స్పష్టంగా ఉంటుంది: రిపోర్ట్ చేసేటప్పుడే అది ఆ బృందపు సొంత నియమమా, మొత్తం వేదిక నియమమా అని ఎంచుకోవాలి.

వాట్సాప్ సంగతి వేరు. అక్కడి సందేశాలు పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప మధ్యలో ఎవరికీ కనిపించని విధంగా తాళం వేసి ఉంటాయి. మరి రిపోర్ట్ చేస్తే సంస్థ ఏమి చూస్తుంది? ఆ వ్యక్తి నుంచి గానీ గ్రూపు నుంచి గానీ మనకు వచ్చిన చివరి ఐదు సందేశాలు మన ఫోను నుంచే సంస్థకు చేరతాయి. అవతలివారికి ఆ సంగతి తెలియదు. అంటే తాళం పగలడం లేదు. తలుపు లోపల ఉన్న మనమే ఆ కాగితాలు తీసి ఇస్తున్నాం.

వాట్సాప్ గ్రూపు అడ్మిన్‌గా ఉండటానికి చాలామంది భయపడతారు. సభ్యుడు ఎవరో ఏదో పెడితే తమ మెడకు చుట్టుకుంటుందన్న భయం అది. సభ్యుడు పెట్టిన అభ్యంతరకరమైన పోస్టుకు, కేవలం అడ్మిన్ అయినందువల్ల ఒక వ్యక్తిని నేర బాధ్యుడిని చేయలేమని 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు తీర్పు చెప్పింది. అంతకుముందు బాంబే హైకోర్టు నాగ్‌పూర్ ధర్మాసనం కూడా దాదాపు ఇదే అభిప్రాయం తెలిపింది. అడ్మిన్ తానే కలిసి కుట్ర చేస్తే అది వేరే విషయం.

పదకొండు చీటీలను విప్పి చూస్తే

మళ్లీ మా అద్దె గొడవకు వద్దాం. పదకొండు రిపోర్టుల్లో ఆరుగురు 'దూషణ' అని ఎంచుకున్నారు. ముగ్గురు 'అబద్ధపు సమాచారం' అన్నారు. ఒకరు 'ప్రకటన' అన్నారు, బహుశా చేయి జారి ఉంటుంది. ఒకరే ఒకరు 'వ్యక్తిగత వివరాలు' అని ఎంచుకుని, మాకు విడిగా రెండు వాక్యాల సందేశం పంపారు: 'గేటు ఫొటోలో వెనక మెట్ల మీద ఒక పాప కూర్చుని ఉంది. స్కూలు బ్యాడ్జీ చదవగలిగేంత స్పష్టంగా ఉంది.'

మేము ముగ్గురం ఆ ఫొటోను అప్పటికే పదిసార్లు చూశాం. ఇంటి నంబరు చూశాం, గేటు చూశాం. పాపను చూడలేదు. పెద్దది చేసి చూస్తే నీలం గౌను, ఒళ్లో సంచి, దాని మీద బడి పేరు. యజమాని మనవరాలు అయి ఉండాలి. ఆ క్షణంలో నాకు ఒళ్లు జలదరించింది. మిగతా పది రిపోర్టులు మమ్మల్ని పోస్టు దగ్గరికి తీసుకొచ్చాయి, ఈ ఒక్కటి మాత్రం పోస్టులో ఏముందో చూపించింది.

ఫొటోను నిమిషంలో తీసేశాం. మిగతా దానిపై గంటన్నర వాదించుకున్నాం. నియమాలను ఒక్కొక్కటిగా ఆ పోస్టు మీద పెట్టి చూస్తే ఇలా తేలింది. ఫోను నంబరు, ముఖం, ఇంటి నంబరు మూడూ వ్యక్తిగత వివరాలే, వాటిపై సందేహం లేదు. 'మోసగాడు' అన్నది దూషణా, బాధలో అన్న మాటా? ఒక మోడరేటర్ తీసేయాలన్నారు, మరొకరు డబ్బు పోయిన మనిషి ఆ మాత్రం అనకూడదా అన్నారు. ఇక 'అబద్ధం' అన్న ముగ్గురి మాట. అడ్వాన్సు ఎంత ఇచ్చారు, ఎంత కోశారు, పదకొండు నెలల అగ్రిమెంటులో పెయింటింగ్ గురించి ఏమి రాసుకున్నారు, ఇవేవీ మాకు తెలియవు. తెలుసుకునే అధికారమూ లేదు. మేము పోస్టు నియమం దాటిందో లేదో చెప్పగలం గానీ, యజమాని దగ్గర బాకీ ఉందో లేదో చెప్పలేం. రిపోర్ట్ చేసేవారు మోడరేటర్ నుంచి ఎక్కువసార్లు ఆశించేది ఈ రెండో తీర్పునే.

చివరికి మొత్తం పోస్టు తొలగించి, పేరు, ఫొటోలు, నంబరు లేకుండా మళ్లీ రాసుకోవచ్చని అద్దెదారుకు కారణంతో సహా చెప్పాం. ఆయన సంతోషించలేదు. 'ఆయన పేరు చెప్పకపోతే ఇంకొకరు మోసపోరా?' అన్న ఆయన ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు.

పేరు ఎందుకు దాస్తారు

రిపోర్ట్ చేసినవారి పేరు పోస్టు పెట్టినవారికి చెప్పకపోవడం దాదాపు అన్ని వేదికల పద్ధతి. రెడ్డిట్‌లో అయితే మోడరేటర్లకు కూడా ఆ పేరు కనిపించదు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. నా ఫొటో, నా రచన దొంగిలించారు అని ఫేస్‌బుక్‌కు కాపీరైట్ ఫిర్యాదు చేస్తే, అవతలివారు ఎదురు వాదించుకునే హక్కు కోసం ఫిర్యాదీ పేరు, సంప్రదించే వివరాలు వారికి చేరవచ్చు.

దాచడాన్ని వ్యతిరేకించేవారి వాదన తేలికైనదేమీ కాదు. తన మీద ఎవరు ఏమి చెప్పారో తెలియకుండా జవాబు ఎలా చెప్పుకోవాలి? చాటుగా చెప్పే వీలుంటే పాత పగలు తీర్చుకోవడానికి వాడుకోరా? వాడుకుంటారు, నేను చూశాను. తెలుగు వికీపీడియా దీనికి భిన్నమైన దారిలో నడుస్తుంది. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వంలో ఒక పేజీ నియమాలకు తగదనుకుంటే దాని మీద తొలగింపు మూస, అంటే ముందే రాసిపెట్టిన ఒక నోటీసు, అతికిస్తారు. ఎవరు అతికించారో పేజీ చరిత్రలో అందరికీ కనబడుతుంది. వాదం చర్చా పేజీలోనో, సభ్యులంతా మాట్లాడుకునే రచ్చబండ పేజీలోనో బహిరంగంగా నడుస్తుంది. నిర్వాహకుల నిర్ణయాన్ని కూడా ఎవరైనా ప్రశ్నించవచ్చు.

అయితే వికీపీడియాలో తగువు ఒక వ్యాసం గురించి. కాలనీ గ్రూపులో తగువు పడేది ఒకే లిఫ్టులో ఎక్కి దిగే మనుషులు. ఆ పాప సంగతి చెప్పినావిడ అదే వీధిలో అద్దెకుంటారు. పేరు బయటకు వచ్చి ఉంటే అద్దెదారులు ఆమెను యజమానుల పక్షమనేవారు. తర్వాత ఇంకో పాప ఫొటో వచ్చినప్పుడు ఆమె నోరు మెదిపేవారు కాదు. పేరు దాచడం వల్ల దుర్వినియోగం కొంత పెరుగుతుందని ఒప్పుకుంటూనే, ఇరుగుపొరుగు గ్రూపుల్లో దాచడమే మేలని నా అభిప్రాయం. దాచకూడనిది కారణం. ఎవరు చెప్పారన్నది కాకపోయినా, ఏ నియమం కింద తీశారన్నది రాసినవారికి తెలియాలి.

మూకుమ్మడిగా నొక్కితే

తెలుగు వారికి దీన్ని వివరించడానికి సినీ అభిమానుల యుద్ధాల కంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు. ఒక హీరో సినిమా విడుదల రోజున ఎవరో నచ్చని సమీక్ష రాస్తారు. ఆ లింకును అభిమాన బృందాల్లో పంచి 'అందరూ రిపోర్ట్ కొట్టండి' అని పిలుపునిస్తారు. వందల మంది నొక్కుతారు. అందులో చాలామంది ఆ సమీక్ష చదివి కూడా ఉండరు.

సంఖ్యతో పనిలేదని వేదికలు చెబుతున్నప్పుడు ఈ దాడులు ఎందుకు ఫలిస్తున్నాయి? ఒకటి, రిపోర్టుల వెల్లువ ఆ పోస్టును వరుసలో ముందుకు తోస్తుంది. పైపై చూపులో తప్పు నిర్ణయం జరిగే అవకాశం ఎన్ని కళ్లు పడితే అంత పెరుగుతుంది. రెండు, యంత్రం ముందుగా చూసే చోట అసాధారణమైన వెల్లువనే ప్రమాద సంకేతంగా తీసుకోవచ్చు. తీసేసిన పోస్టు విజ్ఞప్తి చేసుకుంటే తిరిగి రావచ్చు. కానీ విడుదల రోజు సమీక్ష మూడో రోజు తిరిగొస్తే ప్రయోజనమేముంది?

యంత్రానికి తెలుగు ఎంత వచ్చు

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్ల పైచిలుకు. కానీ మన ఆన్‌లైన్ తెలుగు తెలుగు లిపిలోనే ఉండదు. ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎవరికి తోచిన వర్ణక్రమంలో వారు రాస్తారు. హైదరాబాద్‌లో దానికి ఉర్దూ, హిందీ కలుస్తాయి. 'నీ సంగతి చూస్తా' అన్నది స్నేహితుల మధ్య ఆటపట్టింపు, అప్పు వసూలు చేసే మనిషి నోట బెదిరింపు. పదాలు అవే. యంత్రానికి ఆ తేడా చెప్పేది సందర్భం ఒక్కటే, అది తెలిసింది అక్కడున్న సభ్యులకే.

అందుకే రిపోర్ట్ చేసే మనిషి విలువ తగ్గడం లేదు. 2025 జనవరిలో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా తన విధానం మార్చుకుంటూ, తీవ్రత తక్కువ ఉన్న ఉల్లంఘనల విషయంలో తమ యంత్రాలు ముందుగా వెతకవని, ఎవరైనా రిపోర్ట్ చేశాకే చూస్తామని ప్రకటించింది. పొరపాటున తీసేసే పోస్టులు తగ్గుతాయని సంస్థ వాదన. భారమంతా బాధితుల మీద పడుతుందని విమర్శకుల వాదన. ఫిర్యాదు చేయడం అలవాటు లేనివారిని, ఆ మీట ఎక్కడుందో తెలియని పెద్దవారిని తలచుకుంటే విమర్శకుల మాట నాకు ఎక్కువ తగులుతుంది.

ఈ నగరానికి ఈ కథలో ఇంకో పాత్ర కూడా ఉంది. ప్రపంచంలో ఎక్కడెక్కడివారో చేసిన రిపోర్టులను చదివే ఒప్పంద ఉద్యోగులు హైదరాబాద్‌లో కూడా ఉన్నారు. వారి పని ఒత్తిడి గురించి, జీతాల గురించి 2019లో రాయిటర్స్ వార్తాసంస్థ కథనం ప్రచురించింది. ఆత్మహత్యల వీడియోలు, హింస, పిల్లలపై అఘాయిత్యాలు చూసి తీయాల్సింది వీరే. మనం మీట నొక్కి మర్చిపోయిన దృశ్యాన్ని ఆ తర్వాత ఒక మనిషి కళ్లప్పగించి చూడాల్సి వస్తుంది.

రిపోర్ట్ వేరు, చట్టపరమైన ఫిర్యాదు వేరు

మీట నొక్కడంతో పని కాకపోతే? 2021 ఫిబ్రవరిలో వచ్చిన సమాచార సాంకేతిక నియమాల ప్రకారం వేదికలు ఫిర్యాదుల అధికారిని పెట్టి, ఆ పేరు, సంప్రదించే మార్గం అందరికీ కనిపించేలా ప్రచురించాలి. నమోదైన వినియోగదారులు 50 లక్షలు దాటిన పెద్ద సంస్థలకైతే ఆ అధికారి దేశంలోనే నివసించాలి. గడువులు లెక్కకు వచ్చేది ఈ అధికారికి చేసిన ఫిర్యాదుకే. ఆనాటి నియమాల్లో 24 గంటల్లో అందినట్టు చెప్పాలి, 15 రోజుల్లో పరిష్కరించాలి అని ఉంది. నగ్నచిత్రాలు, మార్ఫింగ్ చేసిన ఫొటోలు, మరొకరిలా నటించే ఖాతాల విషయంలో బాధితులు గానీ వారి తరఫున మరొకరు గానీ ఫిర్యాదు చేస్తే 2026 ఫిబ్రవరి వరకు 24 గంటల్లో చర్య తీసుకోవాల్సి ఉండేది. 2022 అక్టోబరు సవరణ మరికొన్ని రకాల పోస్టులకు అప్పట్లో 72 గంటల గడువు పెట్టింది. అధికారి నిర్ణయం నచ్చకపోతే అప్పీలు చేసుకోవడానికి 2023లో మూడు కమిటీలు ఏర్పాటయ్యాయి.

ఒక ఉదాహరణ. ఒక విద్యార్థిని ముఖాన్ని మరో శరీరానికి అతికించిన ఫొటో ఒక ఖాతాలో వచ్చిందనుకుందాం. మీట నొక్కితే అది వేదిక నియమాల కింద రిపోర్ట్. ఫిర్యాదుల అధికారికి రాస్తే చట్టం కింద ఫిర్యాదు. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనో, పోలీసు స్టేషన్‌లోనో చెబితే అది నేరంపై ఫిర్యాదు. మూడూ ఒకదానికొకటి అడ్డురావు. పోస్టు తీయిస్తే సాక్ష్యం పోతుందేమో అన్న భయం సహజం. ఫిర్యాదు మీద తొలగించిన సమాచారాన్ని దర్యాప్తు కోసం 180 రోజులు భద్రపరచాలని అవే నియమాలు చెబుతున్నాయి. ఎవరైనా డబ్బు కాజేసిన మోసమైతే దారి వేరు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి.

మరోవైపు, ఎవరు ఫిర్యాదు చేసినా తీసేయాల్సిందే అంటే మాట్లాడే స్వేచ్ఛ మిగలదు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు సమాచార సాంకేతిక చట్టంలోని, ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే శిక్షించే 66ఎ సెక్షన్‌ను కొట్టేసిన సంగతి చాలామందికి తెలుసు. అదే తీర్పులో ఇంకో ముఖ్యమైన మాట ఉంది. కోర్టు ఆదేశమో, ప్రభుత్వ ఉత్తర్వో వచ్చినప్పుడే చట్టవిరుద్ధమైన పోస్టు గురించి వేదికకు 'తెలిసినట్టు' లెక్క. లక్షల ఫిర్యాదుల్లో ఏది న్యాయమైనదో వేదికే తేల్చాలంటే అది అసాధ్యమని కోర్టు భావించింది. తర్వాత వచ్చిన నియమాల్లో గడువులు బిగుసుకుంటున్న కొద్దీ, తప్పు చేస్తే చిక్కులు వస్తాయన్న భయంతో సంస్థలు మంచి పోస్టులు కూడా తీసేస్తాయన్నది ఒక వాదం. మార్ఫింగ్ ఫొటో బాధితురాలికి ఒక్కో గంట ఒక్కో యుగమన్నది ఎదుటి వాదం. ప్రభుత్వ విభాగాలు తొలగింపు నోటీసులు పంపే సహయోగ్ పోర్టల్‌పై ఎక్స్ సంస్థ వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు కొట్టివేసినప్పుడు కూడా రెండు వైపులా ఇవే వాదనలు వినిపించాయి.

ఐరోపా సమాఖ్య ఇంకో ముడి విప్పే ప్రయత్నం చేసింది. 2024 ఫిబ్రవరి 17 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన అక్కడి డిజిటల్ సేవల చట్టం ప్రకారం, పోస్టును తీసేస్తే ఎందుకు తీశారో రాసినవారికి స్పష్టంగా తెలపాలి. నైపుణ్యం నిరూపించుకున్న సంస్థలకు 'విశ్వసనీయ ఫిర్యాదీ' హోదా ఇచ్చి, వారి ఫిర్యాదులను ముందుగా చూడాలి. అందరి వేలికీ ఒకే బరువు ఉండదని చట్టమే ఒప్పుకుందన్నమాట.

మా అద్దెదారు మూడు రోజుల తర్వాత మళ్లీ రాశారు. ఈసారి పేరు లేదు, ఫొటో లేదు. ఎన్ని నెలలున్నారు, అడ్వాన్సు ఎంత, ఏ లెక్క కింద ఎంత కోశారు, అన్నీ అంకెలతో సహా పెట్టి, 'ఇది సరైన లెక్కేనా?' అని అడిగారు. ఆ పోస్టు మీద ఒక్క రిపోర్టూ రాలేదు. కింద తమ పెయింటింగ్ రసీదులు పెట్టినవారిలో ఇద్దరు ఇంటి యజమానులు కూడా ఉన్నారు.